రెండు కప్పుల చదువు

వీధిలో తిరుగుతున్న పుకారు చాలా మంచిది. విన్నవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి. కప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే చెవులమ్మ, తన తోడికోడలి ఉద్యోగం పోకూడదని, కొత్తగా వచ్చిన మిషన్‌కి కావాలనే తప్పుడు పాఠం చెప్పిందట. అది బయటపడేసరికి ఆ తోడికోడలు, చిన్నామె, ఆ నేరం తన నెత్తిన వేసుకుని, అక్కను కాపాడి, తను బయటికి నడిచిందట. కింది వాటాలో బట్టలు కుట్టే ఆమె ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో కత్తెర పక్కన పెట్టి ముక్కు చీదుతుంది. "ఉంటే అలాంటి తోడికోడళ్ళు ఉండాలమ్మా," అంటుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. రాదు నిజమే. కాకపోతే ఈ పొగ లేచింది ఒక పొయ్యిలోంచి, నిప్పున్నది ఇంకో పొయ్యిలో. మిషన్‌కి పాఠం చెప్పింది చెవులమ్మే. తప్పుడు పాఠం చెప్పిందీ చెవులమ్మే. కానీ ఆ తప్పుడు పాఠం విన్నది మిషన్ కాదు.

చెవులమ్మ అంటే చేటల్లాంటి చెవులున్న మనిషి అనుకునేరు. చిన్న చెవులే, జుట్టులో దాగిపోతాయి. ఫ్యాక్టరీలో బట్టీ నుంచి దిగిన ప్రతి పింగాణీ కప్పూ ఆవిడ చెవి దాటాకే పెట్టెలోకి వెళ్ళేది. చూడటానికి పిల్లలాటలా ఉంటుంది ఆ పని. ఎడమచేతి మూడు వేళ్ళ మీద కప్పును నిలబెట్టాలి, కుడిచేతి చెక్కపుల్లతో అంచు మీద ఒక్కసారి తట్టాలి, వినాలి. మంచిదైతే కుడివైపు పలక మీదికి, పగిలిందైతే ఎడమవైపు గంపలోకి. కంటికి కనపడే పగులును ఎవరైనా పడతారు. వెంట్రుక కన్నా సన్నంగా లోపలెక్కడో దాక్కున్నదాన్ని పట్టాలంటే చెవే గతి. అది దాటిపోయిందా, ఎవరింట్లోనో వేడి టీ పోసిన రోజున కప్పు రెండు చెక్కలై ఒళ్ళో పడుతుంది.

వీధిలో ఎవరు కొత్త కుండ కొన్నా ముందు ఆవిడ చేతికివ్వాల్సిందే. "మా ఆయన బుర్ర కూడా ఒకసారి తట్టి చెప్పొదినా, లోపలేమన్నా ఉందో లేదో," అని కుట్టే ఆమె మొగుడి ఎదురుగానే అనేది. చెవులమ్మ ఆయన నెత్తి వంక తేరిపార చూసి, "దీనికి పుల్లెందుకమ్మా, ఊదితే చాలు," అనేది. అంత సరదా మనిషి. ఆ సంగతి గుర్తుండాలి. గుండె రాయైన వాళ్ళందరూ మొహం కూడా రాయిలా పెట్టుకుంటారనుకోవడం మన పొరపాటు.

ఆవిడ పని నేర్చుకున్న తీరు వేరు. అప్పట్లో ఆ కుర్చీలో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన నేర్పేవాడు కాదు, కొట్టేవాడు. కప్పు తప్పు వైపు పెట్టిందా, అదే చెక్కపుల్లతో వేళ్ళ కణుపుల మీద ఒకటి. ఎందుకు తప్పో చెప్పేవాడు కాదు. "కప్పు చెప్పిందిగా, నీకు వినపడలేదూ?" అనేవాడు. బండ్లకొద్దీ కప్పులు తట్టాక, కణుపులు కాయలు కట్టాక, ఒకరోజు ఆవిడకు తెలిసింది. కిటుకు మోతలో లేదు, మోత తోకలో ఉంది. పల్చటి కప్పు ఖంగుమంటుంది, మొద్దు మగ్గు బొద్దుమంటుంది. అది దాని ఒళ్ళు, దాని పుట్టుక, దానికీ పగులుకూ చుట్టరికం లేదు. మోత మొదలయ్యాక మెల్లగా సన్నబడుతూ పోయిందా, లేక ఎవరో గొంతు పట్టుకున్నట్టు చటుక్కున ఆగిందా, అదీ వినాల్సింది. తోకున్న మొద్దు మోత మంచిది. తోక తెగిన ఖంగు చెడ్డది. ఇంత చిన్న ముక్క. ముసలాయన ఒక్క పూటలో చెప్పొచ్చు. చెప్తే తన కుర్చీ కాళ్ళు తనే విరగ్గొట్టుకున్నట్టని ఆయనకు తెలుసు. ఆయన పోయాకే ఆ కుర్చీ చెవులమ్మకు దక్కింది, దాంతోపాటు ఆ పేరు కూడా. పెళ్ళినాటి పేరు పెట్టి ఇప్పుడు పిలిస్తే ఆవిడే వెనక్కి తిరగదు.

మరిది జ్వరంతో పోయినప్పుడు చిన్నామెకు పిల్లాజెల్లా లేరు. నోట్లో నాలుక లేని మనిషి. పుట్టింట్లో అన్న ఉన్నాడు గానీ, అన్నకో భార్య ఉంది. ఆ వదిన కబురు పెట్టింది: "రమ్మనండి. పనిచేసినన్నాళ్ళూ ఉంటుంది. వంటింటి గుమ్మంలో చాప వేసుకోవచ్చు." కబురు తెచ్చినవాడు ఇంకా మెట్లు దిగకముందే చిన్నామె వచ్చి చెవులమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నన్ను నీతో ఫ్యాక్టరీకి తీసుకుపో. ఊడవమన్నా ఊడుస్తాను. అక్కడికి మాత్రం పంపించకు."

"పిచ్చిదానా, నేనున్నానుగా," అంది చెవులమ్మ.

ఉంది కూడా. సూపర్‌వైజర్‌ను బతిమాలి తన కుర్చీ పక్కన రెండో కుర్చీ వేయించింది. ఈ మంచిపని నిజంగానే చేసింది. వీధి మెచ్చుకుంది, ఆవిడా ఆ మెప్పును కాదనలేదు.

మొదటిరోజు చిన్నామెకు పుల్ల ఇవ్వలేదు. పక్కన కూర్చుని చూడమంది. మధ్యాహ్నం టీ వేళకి చెవులమ్మ సూపర్‌వైజర్‌తో ఏదో కబురు చెబుతూ, ఒక కప్పును తట్టి కుడివైపు పెట్టబోయింది.

"అక్కా, అది తొందరగా చచ్చిపోయింది కదూ?" అంది చిన్నామె.

"ఏది చచ్చిపోయింది?"

"దాని మోత. ఇందాకటిది ఇంకా సాగింది. ఇది ఠక్కున పోయింది."

చెవులమ్మ మళ్ళీ తట్టింది. నిజమే. కబుర్లలో పడి వదిలేసింది. కప్పును గంపలో వేసి, "చెయ్యి జారిందిలే," అంది.

జారింది చెయ్యి కాదు. తన కణుపులు కాయలు కడితే గానీ రానిది, దీనికి ఒక్కపూటలో, పుల్ల పట్టకుండా, పక్కన ఊరికే కూర్చుని ఉండగా వచ్చేసింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఇక్కడ వెనకొచ్చినవి కూడా చెవులే, అందుకే మరీ దుర్భరం. ఇంకో ఏడాదికి రెండో కుర్చీ మొదటి కుర్చీ అవుతుంది. వీధిలో కొత్త కుండలు చిన్నామె పడుకునే వెనక గదికి వెళ్తాయి. చెవులమ్మా అని వీధిలో ఎవరైనా కేకేస్తే తిరిగి చూసేది ఈ నోరులేనిది. ఇంటికి నడిచినంతసేపూ చిన్నామె ఏదో చెబుతూనే ఉంది. ఆవిడకు ఒక్క ముక్క తలకెక్కలేదు.

ముసలాయనలా కొడదామంటే, కొడితే చివరికి నేర్చుకుంటారని తన వేళ్ళే సాక్ష్యం. మంచిదాన్ని చెడ్డదని అబద్ధం చెబుదామంటే, ఫ్యాక్టరీలో రంగునీళ్ళ తొట్టి ఉంది. అనుమానం వచ్చిన కప్పును ఆ ఎర్రనీళ్ళలో ముంచి తీస్తే, పగులు ఎక్కడున్నా ఎర్రటి గీతై పైకి తేలుతుంది. అబద్ధం ఒక పూట కూడా నిలవదు. అందుకని చెవులమ్మ నిజాలతోనే పని కానిచ్చింది.

మర్నాడు పొద్దున్నే రెండు కప్పులు ఏరి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. ఒకటి పల్చటి తెల్లకప్పు. ఖంగుమంది, మంచిది. రెండోది మొద్దు మగ్గు. బొద్దుమంది, పగిలింది.

"ఇది మంచిది. ఇది చెడ్డది. రెండూ తట్టి చూడు. విన్నావా?"

"విన్నానక్కా."

"రోజూ రాగానే ఈ రెండూ తట్టు. చెవిలో పెట్టుకో. అప్పుడు పని మొదలుపెట్టు."

ఎర్రనీళ్ళలో ముంచినా ఆ రెండు మాటలూ నిజమే. కానీ బొద్దుమంటూనే మంచిదైన మగ్గును ఆవిడ తేలేదు. ఖంగుమంటూనే పగిలిన కప్పును తేలేదు. చిన్నామె మొద్దుబుర్రదైతే బతికిపోయేది. తెలివైనది కావడం వల్ల ఇలా ఆలోచించింది: అక్క ఇన్నేళ్ళు విన్న మనిషి. గది నిండా కప్పులున్నాయి. అన్నిట్లోంచి ఏరి ఏరి నాకోసం ఈ రెండే తెచ్చిందంటే, ఉన్న విద్యంతా ఈ రెండిట్లోనే ఉంది. ఖంగుమంటే మంచిది, బొద్దుమంటే చెడ్డది. నేను విన్న ఆ తోక సంగతి ముఖ్యమే అయితే అక్క చూపించకుండా ఉంటుందా? అది నా కొత్త చెవుల భ్రమ.

అవే రెండు కప్పులు దారినపోయేవాడు చేతిలో పెట్టి ఉంటే ఆమె ఇంకా నాలుగు తట్టి చూసేది. ఇచ్చింది అక్క. చూడలేదు. దేవుడిచ్చిన చెవిని తన చేత్తోనే మూసుకుంది.

ఒకసారి మాత్రం అడిగింది. "అక్కా, ఇది ఖంగుమంది గానీ చప్పున ఆగిపోయింది. పరవాలేదా?"

"నీకు చూపించినవి ఏవి?"

"కిటికీలోవి."

"వాటిని విను మరి. ఎక్కువ వింటే చెవులు పాడైపోతాయే."

చిన్నామె నవ్వేసి ఆ కప్పును కుడివైపు పెట్టింది. మళ్ళీ అడగలేదు.

మరి ఆమె తప్పులు బయటపడలేదా అంటే, చెవులమ్మ పడనివ్వలేదు. చిన్నామె టీకి లేచిన ప్రతిసారీ ఆమె పలకా, గంపా రెండూ తన వైపు లాక్కుని, చకచకా మళ్ళీ తట్టి, అటువి ఇటు, ఇటువి అటు సర్దేసేది. సూపర్‌వైజర్ ఒకరోజు గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఆవిడ తప్పులన్నీ నువ్వే మోస్తున్నట్టున్నావే?"

"ఏం చెయ్యను సార్, మరిది పెళ్ళాం. కడుపులో పెట్టుకోవాలి. మీరేం అనకండి."

"నువ్వు లేకపోతే ఈ గది నడవదు."

ఆవిడకు కావలసింది ఆ మాటే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, పాము కుబుసం మాత్రం రోజూ తన చేతిలో ఉండాలి. ఈ సర్దుళ్ళ సంగతి ఎలాగో చిన్నామె చెవిన కూడా పడింది. ఆ సాయంత్రం అక్క పాదాలకు నూనె రాస్తూ వెక్కివెక్కి ఏడ్చింది, తన చేతగానితనాన్ని అక్క కప్పిపుచ్చుతోందని. చెవులమ్మ ఆ పాదాలు వెనక్కి తీసుకోలేదు. "మడమ దగ్గర ఇంకాస్త రాయి," అంది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే వినడమే గానీ, గొంతు తెగినవాళ్ళే ఆ గుడ్డ ఉతికి ఆరేయడం ఎక్కడన్నా ఉందా?

అలా ఉండగా మిషన్ వచ్చింది. ఒక పెట్టె, దానికో ఇనపచెయ్యి, చేతి చివర చిన్న సుత్తి, పక్కనో మైకు. సూపర్‌వైజర్ ఇద్దరినీ పిలిచి చెప్పాడు.

"ఇది వినడం నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక ఈ గదిలో ఒక్క కుర్చీయే. ఇద్దరికీ అవే కప్పులిచ్చి పరీక్ష పెడతాం. రంగుతొట్టి ఎవరి మాట నిజమంటే కుర్చీ వాళ్ళది. రెండోవాళ్ళు ఇంటికి."

చిన్నామె కళ్ళ ముందు వంటింటి గుమ్మం, చాప కనపడ్డాయి.

మిషన్‌తో పాటు ఒక కంప్యూటరమ్మాయి కూడా వచ్చింది. పెద్ద చదువు, దానికి తగ్గ వాగుడు. ఆ పిల్ల చదువుతున్నది నేర్పడం గురించేనట. మనుషులకు కాదు, ఇలాంటి పెట్టెలకు.

"మామూలుగా అయితే లారీడు కప్పులు దీనికి వినిపించాలండీ, ఇది మంచిది, ఇది కాదు అని చెబుతూ," అంది. "తెలిసినవాళ్ళు నేర్పితే కాసినే చాలు. ఎంత తక్కువలో నేర్పొచ్చో కనుక్కోవడమే నా చదువు."

"అదెలాగ?" అంది చెవులమ్మ.

"నేర్చుకునేదాని బుర్రలో ముందే బోలెడు ఊహలుంటాయి. తెల్లవన్నీ మంచివేమో, గట్టిగా మోగినవన్నీ మంచివేమో, ఇలాగ. మీరు చూపించే ఒక్కో కప్పూ ఒక్కో తప్పుడు ఊహను చంపాలి. అన్నీ చచ్చాక చివరికి మిగిలింది నిజం. ఏ కప్పు ఏ ఊహను చంపుతుందో తెలిసినవాళ్ళే గురువు."

"ఒకదాన్ని చంపకుండా వదిలేస్తే?"

"అదే బతికి, నిజంలా కూర్చుంటుంది. మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. చూపించకపోతే చాలు."

చెవులమ్మ టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. అమ్మాయి గమనించలేదు. చదువుకున్నవాళ్ళకు చెప్పే ఉత్సాహంలో వినేవాళ్ళ మొహం కనపడదు.

"ఇంకో తమాషా చెప్పనా అండీ? శిష్యుల్లో రెండు రకాలు. ఒక రకానికి ముందున్న కప్పులు ఎవరో ఏరినవని తెలియదు, ఏవో దొరికాయనుకుంటుంది. రెండో రకం, ఇవి మా గురువుగారు నాకోసమే ఏరి తెచ్చారు అనుకుంటుంది. చూపించనివాటి గురించి కూడా గురువు మనసు బట్టి ఊహించేసుకుంటుంది. ఈ రెండో రకం చాలా తొందరగా నేర్చుకుంటుంది. గురువు మంచివాడైతే! కాకపోతే అంతే తొందరగా నాశనమైపోతుంది."

"మరి మీ పెట్టె ఏ రకం?"

"మొదటి రకమండీ. దానికి మీ మనసుతో పనిలేదు."

"అదృష్టవంతురాలు," అంది చెవులమ్మ, గ్లాసు కడిగేస్తూ.

మిషన్‌కి మాత్రం ఆవిడ ప్రాణం పెట్టి నేర్పింది. ఎర్రనీళ్ళ తొట్టి పక్కనే ఉంది, తప్పించుకునే దారి లేదు, ఇది ఒక కారణం. రెండోది ఆవిడ ఒప్పుకోదు గానీ, ఆ పనిలో ఆవిడకు సుఖం దొరికింది. జన్మలో మొదటిసారి తెలిసినదంతా దాచుకోకుండా ఇచ్చేసింది. మొదట బొద్దుమనే మంచి మగ్గు. తర్వాత ఖంగుమనే పగులు కప్పు. ఆ తర్వాత కవలల్లాంటి జంటలు, అదే మందం, అదే తెలుపు, ఒకదానికి తోక ఉంది, రెండోదానికి తెగింది. ఒక్కో జంటా వెళ్ళేసరికి ఒక్కో తప్పుడు ఊహ చచ్చేది. జంటల లెక్క రెండు చేతుల వేళ్ళు దాటకుండానే పెట్టె తనే తిరిగి చెప్పడం మొదలుపెట్టింది, అదీ సరిగ్గా. చెవులమ్మ దాని ఇనుప నెత్తి నిమిరి, "నా బంగారు తల్లే," అంది. ఆ మాట ఆ గదిలో ఇంకెవరూ ఎప్పుడూ వినలేదు.

రెండో కుర్చీలోంచి చిన్నామె ఇదంతా చూసింది. బొద్దుమన్న మగ్గును చేతిలోకి తీసుకుని, "మొద్దుగా మోగినా ఇది మంచిదే, నేర్చుకో," అని అక్క పెట్టెతో చెప్పడం విన్నది. ఖంగుమన్న కప్పును చెడ్డదనడం విన్నది. ఇన్నాళ్ళూ తనకు చెప్పినదానికి అది సరిగ్గా తలకిందులు.

వేరే ఎవరైనా అయితే అప్పుడే కళ్ళు తెరుచుకునేవి. చిన్నామెకు కళ్ళు చెమర్చాయి. ఆమె అనుకున్నది ఇదీ: అక్క నాకోసం పెట్టెను మోసం చేస్తోంది! దానికి తప్పుడు పాఠం చెప్పి పాడుచేస్తోంది, నా కుర్చీ పోకుండా!

ఆ రహస్యం కడుపులో దాచుకోలేక, ఆ సాయంత్రం కింది వాటా కిటికీ దగ్గర ఆగింది. "ఎవరికీ చెప్పకు వదినా, ఒట్టు. మా అక్క మిషన్‌కి తప్పుగా నేర్పుతోంది. నాకోసం." కుట్టే ఆమె ఒట్టు వేసింది. ఆమె ఒట్టు ఎంత గట్టిదో, తెల్లారేసరికి పంపు దగ్గర బిందెలన్నిటికీ తెలుసు. మీరు విన్న పుకారు పుట్టిల్లు అదీ.

అక్క తన వైపే ఉందన్న నమ్మకంతో పరీక్షకు చిన్నామె ధైర్యంగా వెళ్ళింది. తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్ళింది. ముందు కిటికీ గట్టు మీది రెండు కప్పులూ తట్టి చెవిలో పెట్టుకుంది. తర్వాత పరీక్ష కప్పులు. ఖంగుమన్నవి కుడికి, బొద్దుమన్నవి ఎడమకి. చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. ఒక్కచోట మాత్రం ఆగింది. సన్నటి కప్పు, గంటలా మోగింది, చటుక్కున ఆగింది. మొదటిరోజు విన్న ఆ చావే. పుల్ల గాల్లో నిలిచిపోయింది. ఆమె గది చివర నిలబడ్డ అక్క వైపు చూసింది. అక్క గోడ మీది గడియారం చూస్తోంది. చిన్నామె తనలో తనే తల ఊపుకుని ఆ కప్పును కుడివైపు పెట్టింది.

తర్వాత అవే కప్పులు చెవులమ్మ తట్టింది, ఆ తర్వాత పెట్టె తట్టింది. అప్పుడు సూపర్‌వైజర్ అన్నిటినీ ఎర్రనీళ్ళలో ముంచి తీయించాడు.

చిన్నామె చెడ్డవన్న మొద్దు మగ్గులు పాలలా తెల్లగా పైకొచ్చాయి. మంచివన్న సన్న కప్పుల మీద ఎర్రటి గీతలు. గంటలా మోగిన ఆ కప్పు మీద గీత అంచు నుంచి అడుగుదాకా దిగింది, కత్తిగాటులా. చెవులమ్మ చెప్పినవీ, పెట్టె చెప్పినవీ ఒకటే, అన్నీ సరైనవే.

కంప్యూటరమ్మాయి చిన్నామె కప్పులన్నీ వరసగా పేర్చి చాలాసేపు చూసింది.

"పని రానివాళ్ళు అటోసారి ఇటోసారి తప్పుతారు," అంది మెల్లగా. "ఈవిడ ఎక్కడా తడబడలేదు. అన్నీ ఒకే దారిలో తప్పింది. ఎవరో ఏరికోరి ఆ దారి వేశారు. మీకు పని నేర్పిందెవరండీ?"

"మా అక్క," అంది చిన్నామె. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు ఇంకా గర్వంగానే ఉంది. గది దాటేలోపు మారిపోయింది.

"ఏమేం చూపించి నేర్పారు?"

చిన్నామె కిటికీ గట్టు వైపు చూసింది. అమ్మాయి వెళ్ళి ఆ రెండు కప్పులూ ఒక్కొక్కటీ తట్టింది. మొహం వెలిగిపోయింది ఆ పిల్లకు, పాపం చదువు అలాంటిది. "అబ్బ! కాగితం మీద చూశాను గానీ మనిషి మీద ఎప్పుడూ చూడలేదు. ఈ రెండూ నాకిస్తారా? మా క్లాసులో చూపించాలి."

"అవి నావి," అంది చిన్నామె. కప్పులు కొంగులో చుట్టుకుంది.

"ఎవరు ఎలా నేర్పితే నాకేంటమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. "ఒక్క కుర్చీ అన్నాను. తేలిపోయింది. చెవులమ్మా, నువ్వుండు. పెట్టె ఆగితే నన్ను పిలవాలి. మిగతా వేళ గది ఊడుస్తూ ఉండు, ఊరికే కూర్చోకుండా."

అలా ఆ కుర్చీ ఆవిడకే మిగిలింది, చీపురుతో సహా. ఇప్పుడా గదిలో తట్టేది పెట్టె, వినేది పెట్టె. చెవులమ్మను ఎవరూ ఏమీ వినమనరు.

ఆదివారం పొద్దున చిన్నామె అన్న రిక్షా తీసుకొచ్చాడు. రేకుపెట్టె ఎక్కించి, బయటే నిలబడి తొందరపెడుతున్నాడు, ఇంటి దగ్గర వదిన పని పెట్టుకుని కూర్చుందని. పంపు దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తీయడంలేదు. కుట్టే ఆమె మిషన్ తొక్కడం ఆపేసింది. చెవులమ్మ వాకిట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. నోట్లో రెండు క్లిప్పులు.

చిన్నామె ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడింది. సంచిలోంచి ఆ రెండు కప్పులూ తీసి అరుగు మీద పెట్టి, వేలిగోటితో తట్టింది. ఒకటి ఖంగుమంది. రెండోది బొద్దుమంది. తలొంచి, రెండిటి తోకలూ చివరిదాకా విన్నది.

"మొదటిరోజే నాకు వినపడింది కదక్కా," అంది. "ఇష్టంలేకపోతే నీకీ పని రాదు పో అంటే పోయేదాన్ని. ఆ ఇనుప పెట్టెకి అన్నీ చూపించావు. నాకు ఈ రెండే ఎందుకు చూపించావు?"

అంతవరకూ ఎవరూ ఆవిడను సూటిగా ఈ మాట అడగలేదు. పంపు దాకా, కుట్టే ఆమె కిటికీ దాకా ఆ మాటలు అందలేదు; అప్పగింతలనుకుని వాళ్ళు కళ్ళొత్తుకున్నారు. చెవులమ్మ తడి దుప్పటి దులిపి, తీగ మీద వేసి, అంచులు సమంగా లాగింది. నోట్లోంచి ఒక క్లిప్పు తీసి పెట్టింది. రెండోది తీసింది.

"అది నన్ను నమ్మదే పిల్లా. అందుకని అన్నీ చూపించాల్సొచ్చింది. నువ్వు నమ్మావు. నీకు రెండు చాలాయి."